కోడి రామమూర్తిగారి బలము

ధ్యానభాగములు: ఆదికాండము 32:22–32, కీర్తన 147, 1 కొరింథీయులకు 9:24–27, 1 తిమోతికి 4:7–8

ఈ నెల ధ్యానమునకు ఒక మల్లుని జీవితమును తీసికొనుచున్నాము. మన పత్రికలో మిషనెరీల చరిత్రలు, భక్తుల చరిత్రలు వచ్చుట వాడుక. కోడి రామమూర్తి నాయుడుగారు మిషనెరీ కారు, మన విశ్వాసములోనికి వచ్చినవారును కారు. అయినను పొరుగువాడనగా ఎవడో చెప్పవలసి వచ్చినప్పుడు ప్రభువు ఒక సమరయుని చూపెను. విశ్వాసమెంత గొప్పదో చెప్పవలసి వచ్చినప్పుడు ఒక రోమా శతాధిపతిని చూపెను. దేవుడిచ్చిన దేహమును ఎట్లు పెంచుకొనవలెను, పెంచుకొన్న బలమును ఏమి చేయవలెను అని తెలిసికొనుటకు మనము వీరఘట్టపు మల్లుని చూచినయెడల తప్పేమియు లేదు.

ఈ సంగతి ఇప్పుడు వ్రాయుటకు కారణము కలదు. మన భూపాలపల్లి చుట్టుపట్ల పల్లెలలో బరువులెత్తు సాధన చేయు పిల్లలు ఎక్కువగుచున్నారు. మన తాతల కాలములో తాలీంఖానా అనునది ఉండెను. అచ్చట వస్తాదు చెప్పినట్లు దండీలు, బస్కీలు తీసి, మట్టిలో కుస్తీ పట్టెడివారు. ఇప్పుడు జిమ్ము అనుచున్నారు. పోలీసు కొలువుకు పరుగు, దూకుడు, ఇనుపగుండు విసరుట అను పరీక్షలు పెట్టుచున్నారు గనుక ఆ ఆశతో కొందరు, బరువులెత్తు పోటీలలో పతకము తెచ్చుకొనవలెనని కొందరు, ఊరకే అద్దములో చూచుకొనుటకు కొందరు పోవుచున్నారు. దీనిని గూర్చి సంఘములో రెండు మాటలు వినబడుచున్నవి. ఇది దేహాభిమానమనియు, లోకాశయనియు, జిమ్ముకు మరిగిన పిల్లవాడు ఆరాధనకు రాడనియు పెద్దలలో కొందరు చెప్పుచున్నారు. పొలములో నాన్న వడ్లబస్తా మోసినప్పుడు లేని తప్పు తాము ఇనుము మోసినప్పుడు ఎక్కడనుండి వచ్చెనని పిల్లలు అడుగుచున్నారు. ఇది సంఘమును చీల్చునంత గొడవ కాదు గాని, కొన్ని యిండ్లలో తండ్రికిని కొడుకునకును మాటలు లేకుండ చేసిన గొడవ. అటువంటి యింటి గడప ఎక్కి దిగుట కాపరికి ఎంత కష్టమో కాపరులకే తెలియును.

రామమూర్తిగారు 1880 తరువాతి సంవత్సరములలో వీరఘట్టములో పుట్టిరి. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండెను; తరువాత శ్రీకాకుళము జిల్లాలో ఉండెను; 2022 నుండి పార్వతీపురము మన్యము జిల్లాలో ఉన్నది. తండ్రి వెంకన్న నాయుడుగారు. తల్లి చిన్ననాడే చనిపోయెను. తల్లి లేని పిల్లవాడు, చదువు మీద మనస్సు నిలువనివాడు, దేహములో సత్తువ పొంగుచున్నవాడు: ఇట్టి పిల్లవాడు ఊరిలో ఎట్లు తయారగునో మనకు తెలియనిది కాదు. తండ్రి ఆయనను విజయనగరములోనున్న తన తమ్ముని యింటికి పంపెను. విజయనగరము సాముగరిడీలకును కుస్తీలకును పేరుపొందిన ఊరు. పుస్తకములో నిలువని మనస్సు అచ్చటి మట్టిలో నిలిచెను.

అటుపిమ్మట ఆయన మద్రాసు చేరి, సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొంది, యోగ్యతాపత్రము సంపాదించుకొని, విజయనగరము తిరిగివచ్చి పాఠశాలలో పిల్లలకు వ్యాయామము నేర్పు పంతులాయెను. తల్లిదండ్రులు ఈ సంగతిని నిదానముగా చదువవలెనని కోరుచున్నాము. ఏనుగును రొమ్ముమీద నిలుపుకొన్న రామమూర్తిని అందరు ఎరుగుదురు. అంతకుముందు బడిలో పిల్లలను వరుసగా నిలువబెట్టి చేతులు చాపించిన పంతులు రామమూర్తిని ఎరిగినవారు తక్కువ. బలము తనంతట తానే వచ్చి ఆయన మీద పడలేదు. ఒక సంవత్సరము మరియొకరి క్రింద కూర్చుండి నేర్చుకొనెను. తరువాత తాను నేర్పెను. నేర్చుకొనుటకు ఒప్పుకొనని బలవంతుడు ఊరికి భారము. మన పిల్లలలో పలువురు ఇప్పుడు ఫోనులో చూచి బరువులెత్తుచున్నారు. ఫోను వెన్ను వంగినదని చెప్పదు, భుజము తప్పినదని చూడదు. అడుగవలసినది జిమ్ముకు పోవచ్చునా అనుటకంటె ముందు, అచ్చట నేర్పువాడెవడు అనునదే.

అపొస్తలుడైన పౌలు కొరింథులో ఏడాదిన్నర కాపురముండెను. ఆ పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకసారి గొప్ప ఆటలు జరుగుచుండెను. గుడారములు కుట్టి బ్రదికిన పౌలు ఆ ఆటలకు పోవువారిని, వచ్చువారిని చూచియే యుండునని మేము తలంచుచున్నాము. కొరింథీయులకు వ్రాసినప్పుడు పందెములో పరుగెత్తువాడు అన్ని విషయములయందు మితముగా నుండుటను ఆయన మెచ్చుకొనెను. వాడిపోవు ఆకుల కిరీటము కొరకే వారింత పాటుపడుచుండగా మనమెంత పాటుపడవలెనని హెచ్చరించెను. తిమోతికి వ్రాసినప్పుడు దేహసాధన వలన కలుగు మేలు కొద్దిపాటిదనెను. మన పెద్దలు ఆ కొద్దిపాటిది అను మాటను పట్టుకొని అది నిష్ప్రయోజనమని చెప్పుచున్నారు. కొద్ది వేరు, సున్న వేరు. కొద్దిపాటి కూలి ఇచ్చినప్పుడు ఏమియు ఇయ్యలేదని మనము చెప్పము గదా!

రామమూర్తిగారి సాధన గూర్చి మనకు తెలిసినంతలో మూడు సంగతులు ముఖ్యముగా కనబడుచున్నవి. తెల్లవారుజాముననే లేచి కసరత్తు చేయుట ఒకటి. ఊపిరిని వశము చేసికొనుట మరియొకటి. ఆయన బలములో సగము ఊపిరిలోనే ఉండెనని చెప్పవచ్చును. గుండె నిండ గాలి పీల్చి బిగబట్టినప్పుడు రొమ్మును కడుపును గట్టిపడి, గాలి నింపిన చక్రమువలె బరువును తట్టుకొనును. నేటి బరువులెత్తువారును ఎత్తుటకు ముందు అట్లే ఊపిరి బిగబట్టుదురు. మన హమాలీలకు ఈ విద్య ఎవరును చెప్పకయే తెలియును. బస్తాను భుజమునకెత్తు క్షణమున వారిలో ఎవడును మాటలాడడు. మూడవది ఆహారము. ఆయన మాంసము ముట్టనివాడు. మాంసము లేనిదే కండ లేదనుకొను మనవారికి ఇది వింతగా తోచును. దానియేలును అతని స్నేహితులును బబులోను రాజు భోజనమును విడిచి శాకధాన్యములు తిని, తక్కినవారికంటె పుష్టిగా నుండిరని మనము చదివియున్నాము. మాంసము తినుట పాపమని మేము చెప్పుటలేదు. పప్పు, పల్లీలు, పాలు, దొరికినప్పుడు గ్రుడ్లు తినిన రైతుబిడ్డ బలహీనుడు కాడని మాత్రమే చెప్పుచున్నాము. వేల రూపాయలు పోసి పొడి డబ్బాలు కొనుటకు అప్పు చేయు పిల్లలను మేమెరుగుదుము. ఆ అప్పు తీర్చునది తల్లి పత్తి ఏరిన కూలియే.

ఇరువదియొక్క యేండ్ల వయస్సుకే ఆయన రొమ్ముమీద ఒకటిన్నర టన్నుల బరువును మోసెననియు, తరువాత దానిని మూడు టన్నులకు పెంచెననియు చెప్పుదురు. మనము వడ్లు అమ్ముకొను కేంద్రములో బస్తా నలువది కిలోలు. మూడు టన్నులనగా అట్టి బస్తాలు 75. ఇంత బరువును మనుష్యుడు ఎట్లు మోయునని అడుగవచ్చును. నేలమీద పరుండి, మీద బల్ల పరచి, ఆ బల్లమీదికి బరువును ఎక్కించెడివారు. బల్ల ఉన్నందున బరువు ఒక్కచోట రోకలివలె పొడువక దేహమంతట పరచుకొనును. వెన్నుక్రింద నేల దానిని భరించును. అందుచేత పరుండి మోయుట వేరు, నిలువబడి ఎత్తుట వేరు. అయినను బల్ల సర్దుటలో ఒక జానెడు తప్పినను, ఊపిరి ఒక క్షణము ముందుగా విడిచినను ప్రక్కటెముకలు నిలువవు. ఇది ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా పెంచుకొన్న విద్య. కావున ఈ సంగతి చదివి ట్రాక్టరు ట్రాలీ క్రింద పరుండుటకు ఎవడును పోవలదు.

పంతులుగా కొంతకాలము ఉండిన తరువాత ఆయన విజయనగరములో సర్కసు కంపెనీ పెట్టెను. ఆ దినములలో సర్కసు అనగా ఊరూరి జనము బండ్లు కట్టుకొని పోయెడి వేడుక. ఒంటికి చుట్టిన ఇనుపగొలుసులను ఊపిరి బిగబట్టి తెంచుట, రెండు ప్రక్కల రెండు మోటారుకార్లను గొలుసులతో తనకు కట్టించుకొని వాటిని కదలనీయక పట్టుట, రొమ్ముమీద ఏనుగును నిలుపుకొనుట ఆయన చూపిన వింతలు. మద్రాసులోను ఉత్తరదేశములోను జనము తండోపతండములుగా వచ్చిరి. పూనాలో లోకమాన్య తిలకుగారు ఆయనను గౌరవించి మల్లమార్తాండ అను బిరుదునిచ్చిరి. ఆయన సముద్రము దాటి లండనులో ఐదవ జార్జి చక్రవర్తి యెదుటను తన బలము చూపెననియు, అచ్చట ఇండియన్ హెర్క్యులిస్ అను పేరు పొందెననియు చెప్పుదురు. మన తెలుగువారు కలియుగ భీముడనిరి.

ఆ కాలమును మనము కొంచెము తలంచుకొనవలెను. ఇంగ్లీషువారు ఈ దేశమును ఏలుచుండిరి. దేశమందలి మగవారు బలహీనులనియు, యుద్ధమునకు పనికిరాని జాతులనియు చెప్పెడి దొరలు కొందరుండిరి. 1904, 1905 సంవత్సరములలో యూజెన్ శాండో అను ప్రసిద్ధ బలవంతుడు ఐరోపానుండి వచ్చి మన పట్టణములలో ప్రదర్శనలిచ్చెను. 1910లో గామా పహిల్వాను లండనుకు పోయి అచ్చటి మల్లులను చిత్తు చేసెను. ఇట్టి దినములలో వీరఘట్టమునుండి వచ్చిన నల్లని మనిషి ఒకడు ఏనుగు క్రిందనుండి లేచి నిలువబడినప్పుడు, చూచినవారు లేచినది తామే అనుకొనిరి. ఒకని కండలు వేలమందికి తలయెత్తుటకు ఆధారమాయెను. హీనముగా చూడబడిన జనుల మధ్య పుట్టిన సంఘము మనది. తలయెత్తుట అనగా ఏమో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. అందుచేత ఎవనికైనను కండబలము మీద ఆశ పుట్టగానే అది గర్వమని కొట్టివేయుటకు మాకు మనసొప్పదు. గర్వమునకు, గౌరవమునకు మధ్య గీత సన్నముగా నుండును గాని గీత ఉన్నది.

ఆయన సంపాదించిన ధనము విస్తారము. దానధర్మములకును, దేశకార్యములకును దానిని విరివిగా ఖర్చు చేసెనని ఆయన చరిత్ర వ్రాసినవారందరు చెప్పుచున్నారు. ఇచ్చట న్యాయాధిపతుల గ్రంథములోని సమ్సోను జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు. సమ్సోను బలము దేవుని వరము. సాధన వలన వచ్చినది కాదు. సింహమును చీల్చెను, గాజా పట్టణపు తలుపులను భుజముమీద పెట్టుకొని పోయెను. అయితే ఆ బలములో ఎంత భాగము తన కోపమునకును తన మోహమునకును ఖర్చయ్యెనో చదివినవారికి తెలియును. వరముగా వచ్చిన బలము అట్లు పోగా, మట్టిలో చెమటోడ్చి సంపాదించిన బలము ఒక అన్యుని చేత పరులకు ఉపకారమాయెను. దీనికి మేమేమి వ్యాఖ్యానము చేయగలము? చదువరులే తలంచుకొందురుగాక.

ఇప్పుడు బరువులెత్తు పోటీ అనగా ఏమో తెలియనివారికి కొంచెము చెప్పవలెను. 1896లో ఏథెన్సు పట్టణమున జరిగిన మొదటి ఒలింపిక్కు ఆటలలోనే ఈ పోటీ ఉండెను. ఇప్పుడు ఇందులో రెండు విధములైన ఎత్తులు కలవు. స్నాచ్ అనునది నేలమీది ఇనుపకడ్డీని ఒక్క లాగున తలపైకి ఎత్తుట. క్లీన్ అండ్ జర్క్ అనునది మొదట భుజములమీదికి తెచ్చి, పిమ్మట అక్కడనుండి తలపైకి ఎత్తుట. ఒక్కొక్కదానికి మూడు అవకాశములు. తన ఒంటి బరువునకు సమీపముగా నున్నవారితోనే ఎవడైనను పోటీపడును. నలుబదియైదు కిలోల పిల్లను తొంబది కిలోల పిల్లతో కట్టరు. ఇందులో ఒకరినొకరు త్రోయుట లేదు, కొట్టుట లేదు. ఎంత బరువు ఎత్తెదవో నీవే ముందు చెప్పవలెను. చెప్పి ఎత్తలేకపోయినయెడల తరువాత దానికంటె తక్కువ బరువు అడుగుటకు వీలులేదు. కడ్డీ మీది బరువు పెరుగునే గాని తరుగదు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన ఉపమానమును ఈ ఆట పెట్టినవారు చదివిరో లేదో గాని, నియమము మాత్రము అట్లే యున్నది.

రామమూర్తిగారు పుట్టిన ఆ శ్రీకాకుళపు సీమలోనే, ఆమదాలవలస వద్ద ఊసవానిపేటలో 1975లో కరణం మల్లీశ్వరిగారు పుట్టిరి. 1994లోను 1995లోను ప్రపంచ విజేతగా నిలిచిరి. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్కులలో స్త్రీలకు మొట్టమొదటిసారి ఈ పోటీ పెట్టినప్పుడు, 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తము 240 కిలోలెత్తి కంచు పతకము తెచ్చిరి. భారతదేశపు స్త్రీ ఒలింపిక్కు పతకము తెచ్చుట అదే మొదలు. చివరి అవకాశమున ఆమె బంగారు పతకము కొరకు 137న్నర కిలోలు అడిగి ఎత్తలేకపోయిరి. తక్కువ అడిగినయెడల బాగుండెడిదని అప్పుడు చాలమంది అనిరి. ఇంటిలో కూర్చుండి అనుట సులభము. ఏడున్నర కిలోలు ఒక్కసారి పెంచుట అతియాశ అని మేము చెప్పజాలము. ఏండ్ల తరబడి తన దేహమును తూచుకొన్న స్త్రీ, తన కొలత తానెరిగి, ఒక్కసారి పై మెట్టునకు చేయి చాచెను. పడినది కడ్డీయే గాని ఆమె కాదు. పిల్లల కొరకు ఈ సంగతి వ్రాయుచున్నాము. ఓడిపోవచ్చునని తెలిసియు లెక్కతో అడుగుట ధైర్యము. లెక్క లేకుండ ప్రక్కవాడు చూచుచున్నాడని అడుగుట వెఱ్ఱి. మొదటిదానితో వచ్చిన నొప్పి నాలుగు దినములకు పోవును, రెండవదానితో వచ్చిన నడుమునొప్పి నలుబది యేండ్లుండును.

విశ్రాంతిని గూర్చియు చెప్పవలసియున్నది. బరువెత్తుచున్నప్పుడు కండ పెరుగదు. అప్పుడది సన్నగా చిట్లును. తిని, నిద్రించి, విశ్రమించిన గంటలలో దేహము ఆ చిట్లిన చోటును మునుపటికంటె గట్టిగా అతుకుకొనును. కీళ్లును నరములును కండకంటె నెమ్మదిగా గట్టిపడును గనుక తొందరపడినవాని కండ నిలిచినను కీలు నిలువదు. కాబట్టి దినమును విడువక సాధన చేయువాడు ఎక్కువ బలవంతుడగునని తలంచుట తప్పు. ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున ఊరకుండుమని దేవుడు చెప్పినప్పుడు మన ఆత్మకు మాత్రమే చెప్పలేదు. మన మోకాళ్లకును చెప్పెను. ఆదివారమున ఇనుమును ముట్టని పిల్లవాడు సోమవారమున బలహీనుడుగా రాడు. ఇది భయపెట్టి చెప్పు మాట కాదు, ఏ వస్తాదును అడిగినను చెప్పును.

అయితే పోటీయే ఆదివారమున వచ్చినయెడల ఏమి చేయవలెను? ఈ ప్రశ్న మా యొద్దకు రెండు మూడు సారులు వచ్చెను. స్కాట్లాండు దేశపు ఎరిక్ లిడ్డెలుగారు 1924లో పారిసు ఒలింపిక్కులలో నూరు మీటర్ల పరుగు ఆదివారమున పడినందున దానిని విడిచి, నాలుగు వందల మీటర్లు పరుగెత్తి 47.6 సెకండ్లలో గెలిచిన సంగతి మన యౌవనుల కూడికలలో తరచుగా చెప్పుదురు. ఆయన మరుసటి సంవత్సరమే చైనాకు మిషనెరీగా పోయి, 1945 ఫిబ్రవరిలో జపానువారి నిర్బంధ శిబిరములో చనిపోయిన సంగతియు చెప్పుదురు. చెప్పనిది ఒకటున్నది. ఆ శిబిరములో చిక్కిన పిల్లలకు ఆయన ఆటలు నడిపెడివాడు, ఆదివారమున మాత్రము ఆడనిచ్చెడివాడు కాడు. ఒక ఆదివారమున పిల్లలు తామే ఆట పెట్టుకొని, నడిపించు పెద్ద లేక కొట్లాడుకొనిరి. తరువాతి ఆదివారమున లిడ్డెలుగారు తానే పోయి వారి ఆటకు మధ్యవర్తిగా నిలిచెను. తన పతకము కొరకు విడువని నియమమును పిల్లల సమాధానము కొరకు విడిచెను. మా యొద్దకు వచ్చిన పిల్లలకు మేము ఈ రెండు సంగతులును చెప్పి, పోటీ జరుగు ఊరిలోని సంఘమునకు ముందుగా ఉత్తరము వ్రాసి, ఉదయపు ఆరాధనలో కూర్చుండి పొమ్మని పంపితిమి. ఒక పెద్దకు ఇది నచ్చలేదు. ఆయనతో ఇంకను మాటలాడుచున్నాము.

సూదులు, మాత్రల సంగతిలో మాత్రము మాకు రెండు ఆలోచనలు లేవు. త్వరగా కండ వచ్చునని చెప్పి కొన్ని మందులు చాటుగా అమ్ముచున్నారు. అవి గుండెను, కాలేజమును పాడుచేయును, సంతానబలమును చెరుపును. పోటీలో పట్టుబడినవారు ఏండ్ల తరబడి నిషేధింపబడుదురు. మన దేశపు బరువులెత్తు సంఘమే ఈ కారణమున నిషేధమునకు గురియైన దినములున్నవి. తనది కాని బలమును తనదని చూపుట తప్పు త్రాసుతో అమ్ముటవంటిదే. ఏ తల్లియైనను బిడ్డ సంచిలో సూది చూచినయెడల సంఘ పెద్దల యొద్దకు కాక మొదట వైద్యుని యొద్దకు పోవలెను.

తిరిగి రామమూర్తిగారి యొద్దకు వచ్చెదము. ఇంత బలవంతుని కాలిమీద ఒక పుండు లేచెను. అది మానక పెరిగెను. చివరకు వైద్యులు ఆ కాలిని తీసివేయవలసి వచ్చెను. మత్తుమందు తీసికొనక, ఊపిరిని బిగబట్టి ఆ కోతను భరించెనని చెప్పుదురు. రెండు మోటారుకార్లు లాగినను నేలనుండి కదలని కాలు అది. మన పల్లెలలో పుండును గూర్చి పట్టింపు తక్కువ. ఆకుపసరు పూసి, గుడ్డ చుట్టి, నాట్లు అయిన తరువాత చూచుకొందమనుచు దినములు గడుపుదుము. చక్కెర వ్యాధి గలవారు అరికాలిని ప్రతి రాత్రి చూచుకొనవలెనని వైద్యులు చెప్పుచున్నారు. బలమున్నవాడు నొప్పిని లెక్కచేయడు. నొప్పిని లెక్కచేయకుండుట పోటీలో మేలు చేయును, పుండు విషయములో చేటు తెచ్చును.

మన యిండ్లలో కొందరు ఈ కథ వినగానే, కండలను చూచి గర్వించినందున దేవుడు కాలు తీసెనని చెప్పుదురు. ఆ మాట మా చెవిని పడినది గనుక వ్రాయుచున్నాము. పుట్టుగ్రుడ్డివాని చూచి ఎవడు పాపము చేసెనని శిష్యులు అడిగినప్పుడు, వాడును కాదు వాని కన్నవారును కారు అను భావముతో ప్రభువు ఉత్తరమిచ్చెను. ఆ ఉత్తరము రామమూర్తిగారికిని వర్తించును, మన సంఘములో గనిలో కాలు పోగొట్టుకొన్న సహోదరులకును వర్తించును. దేవుడు గుఱ్ఱపు సత్తువను చూచి సంతోషించువాడు కాడనియు, మనుష్యుని కాళ్ల బలమును చూచి మురియువాడు కాడనియు 147వ కీర్తనలో ఉన్నది. ఆ మాటను కాళ్లున్నవానికి హెచ్చరికగా మనము వాడుచున్నాము. కాలు లేనివానికి అది ఎంత ఆదరణయో తలంచితిమా? దేవుని సంతోషము మన కాళ్లమీద నిలిచియున్నయెడల కాలు పోయిన దినముననే ఆ సంతోషమును పోవలెను గదా. అట్లు కాదని ఆ కీర్తన చెప్పుచున్నది.

యాకోబును మల్లుడే. యబ్బోకు రేవు దగ్గర తెల్లవారువరకు పెనుగులాడెను, విడువలేదు. ఆశీర్వాదము పొందెను, క్రొత్త పేరు పొందెను. అయితే తొడగూడు వసిలి, సూర్యోదయమున కుంటుచు నడిచెను. ఆ కుంటు నడకతోనే పోయి, ఇరువది యేండ్లుగా భయపడుచున్న తన అన్నను కౌగిలించుకొనెను. రెండు కాళ్లు బాగున్న దినములలో అన్నయొద్దనుండి పారిపోయినవాడు, కుంటివాడైన దినమున అన్నకు ఎదురుగా నడిచెను.

రామమూర్తిగారి చివరి దినములు ఒరిస్సా సీమలో, బలంగీరు రాజధానిగా నున్న పాట్నా సంస్థానములో గడిచెను. అచ్చటి రాజు ఆయనను ఆదరించెను. సర్కసు డేరాలు, ఏనుగులు, చప్పట్లు అన్నియు అప్పటికి పోయెను. 1942 జనవరిలో, సంక్రాంతి పండుగ రోజులలో ఆయన కన్నుమూసెను. విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిపియున్నారు. శ్రీకాకుళములోని ఆటల మైదానమునకు ఆయన పేరు పెట్టియున్నారు.